ఇమ్మానుయేలు నామంలో ‘మన’: ఆగమన కాలపు దైవనామార్థ విచారం

వ్యాససంగ్రహం

ఆగమన కాలంలో క్రైస్తవ ప్రార్థనాలయాలలో వినిపించే దైవనామాలలో ‘ఇమ్మానుయేలు’ ముఖ్యమైనది. దీని అర్థాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘మన’, ‘మా’ అనే రెండు సర్వనామాలలో ఒకదానిని ఎన్నుకోక తప్పదు. ఆ ఎన్నిక వలన నామార్థానికి కలిగిన స్పష్టతను తాడేపల్లిగూడెం, పెంటపాడు ప్రాంత క్రైస్తవ జీవన నేపథ్యంలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

1. ఉపోద్ఘాతం

క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన కాలాన్ని ఆగమన కాలం అంటారు. ‘అడ్వెంటు’ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి ‘రాక’ అని అర్థం. పాశ్చాత్య సంఘ సంప్రదాయంలో డిసెంబరు 17 నుండి 23 వరకు సాయంకాల ప్రార్థనలో క్రీస్తును రోజుకొక నామంతో పిలుస్తారు. జ్ఞానము, ప్రభువు, యెష్షయి వేరు, దావీదు తాళపుచెవి, ఉదయభానుడు, జనములరాజు అనే ఆరు నామాల తరువాత ఏడవదిగా ‘ఇమ్మానుయేలు’ వస్తుంది. రాబోయేవాడు ఎవరో తెలుసుకోవడానికి ఆయనను ఏమని పిలవాలో నేర్చుకోవడం ఈ ఆరాధనా క్రమంలోని అంతరార్థం.

2. డెల్టాలో దైవనామ సంపద

గోదావరి డెల్టా పడమటి భాగానికి క్రైస్తవం పలు మార్గాలలో వచ్చింది. నరసాపురం పరిసరాలలో 1830ల నుండి బ్రెదరెన్ మిషనరీలు పనిచేశారు. 1854లో ఏలూరు ఆంగ్లికన్ చర్చి మిషనరీ సొసైటీకి కేంద్రమైంది. తాడేపల్లిగూడెం, భీమవరం లూథరన్ల పరిధిలోకి వచ్చాయి. కతోలికులకు ఏలూరు పీఠం 1976లో ఏర్పడింది. అందుచేత ఇరుగుపొరుగు ఊళ్ళలోనే వేరువేరు నామాలు వినిపిస్తాయి. ‘సర్వేశ్వరుడు’ కతోలికుల వాడుకలో స్థిరపడగా, ప్రొటెస్టెంట్ల నోట ‘దేవుడు’, ‘యెహోవా’ ఎక్కువగా వినబడతాయి.

ఈ నామాలు రెండు విధాలు. సర్వేశ్వరుడు, రక్షకుడు, అభిషిక్తుడు అనేవి విన్నవెంటనే అర్థాన్నిచ్చే అనువాద నామాలు. యేసు, క్రీస్తు, ఇమ్మానుయేలు అనేవి మూలభాషా ధ్వనిని నిలుపుకున్నవి. వీటికి వ్యాఖ్య కావాలి. హీబ్రూలో ‘యేసు’ అనే పేరు రక్షణను సూచిస్తుంది. ‘క్రీస్తు’ గ్రీకులో అభిషిక్తుడు. ‘ఇమ్మానుయేలు’ విషయంలో మాత్రం మత్తయి సువార్త మొదటి అధ్యాయమే పేరును పేర్కొని, వెంటనే దాని అర్థాన్ని కూడా చెబుతుంది. అనువాదం ఇక్కడ మూలగ్రంథంలోనే మొదలైందని చెప్పవచ్చు.

3. ‘మన’ – ‘మా’ భేదం

హీబ్రూలో ‘ఇమ్మాను’ అనగా ఉత్తమపురుష బహువచనంతో కూడిన ‘తో’. ‘ఏల్’ అనగా దేవుడు. ఆ బహువచనంలో శ్రోత ఉన్నాడో లేడో హీబ్రూ రూపం చెప్పదు. గ్రీకు కూడా చెప్పదు. తెలుగు చెప్పి తీరుతుంది. ‘మనము’ శ్రోతను కలుపుకుంటుంది. ‘మేము’ అతనిని బయట ఉంచుతుంది. తమిళంలోని ‘నామ్’, ‘నాంగళ్’ రూపాలదీ ఇదే భేదం. ఆధునిక కన్నడంలో ఈ భేదం నిలవలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో తెలుగువారు తండ్రిని ‘మా’ అని సంబోధిస్తారు. అక్కడ శ్రోత దేవుడే కనుక ‘మన’ అంటే అర్థం చెడుతుంది. ఇమ్మానుయేలు నామార్థానికి తెలుగు బైబిలు ‘మనకు’ అనే రూపాన్ని గ్రహించింది. సువార్తికుడు పాఠకులతో మాట్లాడుతున్నాడు కనుక వారుకూడా అందులో చేరుతారు.

యెషయా గ్రంథం ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఏడవ అధ్యాయంలో, శత్రుభయంతో ఉండి సూచనను అడగనొల్లని ఆహాజు రాజు ఎదుట ఈ నామం పలుకబడింది. ఆ సందర్భంలో దానిని ‘మన’గా గ్రహిస్తే విశ్వసించని రాజుకు కూడా అందులో చోటు ఉంటుంది. ఎనిమిదవ అధ్యాయం పదవ వచనంలో అవే హీబ్రూ పదాలు దండెత్తే జనాలను ఉద్దేశించి వస్తాయి. అక్కడ ‘మా’ అర్థమే పొసగుతుంది. ఒకే మాటకు గల ఈ రెండు దిశలను హీబ్రూ పాఠకుడు సందర్భాన్నిబట్టి ఊహించుకోవాలి. తెలుగు అనువాదకుడు నిర్ణయించాలి.

‘తోడు’ అనే పదమూ గమనింపదగినది. ‘తోడబుట్టినవాడు’, ‘తోడికోడలు’ వంటి పదాలలో అది బంధుత్వాన్ని తెలుపుతుంది. ‘దేవుని తోడు’ అన్నప్పుడు ఒట్టు అవుతుంది. కాబట్టి తెలుగు శ్రోతకు ఈ నామంలో సాన్నిధ్యంతోపాటు చుట్టరికం, మాటకు కట్టుబడడం అనే ఛాయలు కూడా స్ఫురించే అవకాశం ఉంది.

4. పేరు ధరించినవారు

పెంటపాడు చుట్టుపక్కల ఆగమన కాలం సార్వా కోతలు, నూర్పిళ్ళ కాలంతో కలిసి వస్తుంది. డెల్టా గ్రామాలలో క్రైస్తవ సంఘాలు అధికంగా మాల, మాదిగ పేటలలో పెరిగాయి. అక్కడ ఇమ్మానుయేలు, ఏసుబాబు, ఏసురత్నం అనే దైవనామాలు మనుషుల పేర్లయ్యాయి. ఊరు దూరంగా ఉంచిన మనిషిని పిలిచిన ప్రతిసారీ ‘మనకు తోడు’ అనే అర్థం ఊరి నోటనే పలుకుతుంది.

అయితే ఆ పేరుకు మూల్యం ఉంది. రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు, 1950 ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గం కిందకు వస్తారు. అందువలన చర్చిలో ఒక పేరు, ధ్రువపత్రంలో మరొక పేరు కలిగి ఉండడం దళిత క్రైస్తవ కుటుంబాలలో కనిపిస్తుంది. దైవనామాన్ని బహిరంగంగా ధరించగలగడం అక్కడ హక్కులతో ముడిపడిన ప్రశ్న.

5. ముగింపు

అనువాదంలో మూలార్థం కొంత నష్టపోతుందనడం సాధారణం. ఇమ్మానుయేలు విషయంలో తెలుగు వ్యాకరణం మూలంలో అవ్యక్తంగా ఉన్న ప్రశ్నను వ్యక్తం చేసింది: దేవుడు ఎవరికి తోడు? ‘మన’ అని పలికిన సంఘం వింటున్నవానిని బయట నిలపడానికి ఆ మాటే అంగీకరించదు. ఈ ప్రశ్న ఊరికీ పేటకూ, ఒక సంఘానికీ మరొక సంఘానికీ సమానంగా వర్తిస్తుంది. దైవనామాల తెలుగు రూపాలను సర్వనామ ప్రయోగ దృష్టితో పరిశీలిస్తే, బైబిలు అనువాద అధ్యయనానికీ తెలుగు భాషాశాస్త్రానికీ ప్రయోజనం కలుగుతుంది.