జీర్ణోద్ధరణము - నివాసులు: పెలోరీన్యో పేట వృత్తాంతము

'జీర్ణోద్ధరణ' మన శాసనములకు సుపరిచితమైన మాట. దేవాలయములకు భూములిచ్చిన దాతలు ఆ భూముల ఫలమును దేనికి వినియోగింపవలెనో చెప్పునప్పుడు 'ఖండస్ఫుటిత నవకర్మ' యనియు, 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధార' యనియు పేర్కొనుట కలదు. విరిగినదానిని, బీటలువారినదానిని బాగుచేసి మరల క్రొత్తదాని గావించుట యని దాని తాత్పర్యము. ఐతే ఈ మాట తరచుగా ఒంటరిగా రాదు. దాని సరసనే పూజ, నైవేద్యము, అన్నసత్రము మున్నగునవి కూడ కనబడును. రాతి మరమ్మతును, ఆ రాతి నాశ్రయించి సాగు జీవనమును ఒకే దానమున చేర్చి చెప్పుట అట్టి శాసనముల తీరు. నేడు పూర్వపు వలసపాలకులు కట్టిన నగరభాగములను పునరుద్ధరించు కార్యము అనేక దేశములందు సాగుచున్నది. అందు ఈ రెండును కలిసియున్నవా, విడిపోయినవా యను ప్రశ్నను బ్రెజిల్ దేశమందలి సాల్వడార్ నగరపు పెలోరీన్యో పేట నాధారముగా గొని పరిశీలింపదలచితిమి. ఆ పేటకు నవలాసాహిత్యముతో గల సంబంధము మన శాఖవారికి ఆసక్తికరము కాగలదు.

సాల్వడార్ నగరమును పోర్చుగీసువారు 1549లో స్థాపించిరి. 1763 వరకు అదియే వారి బ్రెజిల్ రాజ్యమునకు రాజధాని. సముద్రపుటొడ్డున రేవును, వర్తకశాలలును గల దిగువ పట్టణము. నిట్రమైన గట్టుమీద పరిపాలనా భవనములు, చర్చీలు, శ్రీమంతుల మేడలు గల ఎగువ పట్టణము - ఇది ఆ నగరపు అమరిక. పెలోరీన్యో ఎగువ పట్టణమున నున్నది. చెరకుతోటలవలనను, పంచదార వ్యాపారమువలనను వచ్చిన ధనముతో అచ్చటి మేడలు లేచినవి. ఆ తోటలలో శ్రమించినవారు ఆఫ్రికానుండి బలవంతముగా కొనితేబడిన బానిసలు. 'పెలోరీన్యో' యనగా పోర్చుగీసు భాషలో దండనస్తంభము. బానిసలను, నేరస్థులను కట్టి నలుగురియెదుట కొరడాలతో కొట్టు స్తంభమని యర్థము. పేట పేరే దాని చరిత్రను చెప్పుచున్నది. నల్లవారి మతసంఘమొకటి పదునెనిమిదవ శతాబ్దమున కట్టించుకొనిన రోజరీ మాత చర్చి ఆ చౌకమందే నేటికిని నిలిచియున్నది. బ్రెజిల్‌లో బానిసత్వము 1888లో గాని రద్దు కాలేదు.

ఇరువదవ శతాబ్దపు తొలిభాగమునకే శ్రీమంతులు క్రొత్తపేటలకు తరలిపోయిరి. వారు విడిచిన మేడలను గదులుగా విభజించి అద్దెల కిచ్చిరి. బట్టలుతుకు స్త్రీలు, రేవుకూలీలు, చిల్లర వర్తకులు, చేతిపనివారు ఆ గదులలో కుటుంబములతో కాపురముండిరి. పేటలో కొంతభాగము వేశ్యావాటికయు నయ్యెను. అద్దె స్వల్పమగుటచే యజమానులు మరమ్మతుల నుపేక్షించిరి. అద్దెకున్నవారికి మరమ్మతు చేయు శక్తియు లేదు, హక్కును లేదు. 1970 తరువాత ప్రభుత్వ కార్యాలయములును నగరపుటంచున కట్టిన పరిపాలనాకేంద్రమునకు తరలెను. దానితో పాతపట్టణమునకు మిగిలిన ఆదరువు కూడ తగ్గెను. జోర్జ్ అమాదు 1934లో ప్రకటించిన 'సువోర్' నవలకు ఇట్టి అద్దెమేడ యొకటియే రంగస్థలము. 'సువోర్' అనగా చెమట.

శిథిలమైనవి గోడలే గాని జనజీవనము కాదు. 1949లో సాల్వడార్ రేవుకూలీలు గాంధీమహాత్ముని పేర 'ఫీల్యోస్ డి గాంధీ', అనగా గాంధీ పుత్రులు, అను ఉత్సవబృందమును స్థాపించిరి. మహాత్ముని మరణమునకు మరుసటి సంవత్సరమున పుట్టిన ఈ బృందము తెల్లనివస్త్రములతో కార్నివాల్ ఉత్సవమున నడచుచు వచ్చినది. 1979లో పెలోరీన్యోయందే 'ఒలొదుమ్' అను వాద్యబృందము పుట్టి, దాని మృదంగధ్వని దేశాంతరములకు వ్యాపించెను. 1985లో యునెస్కో ఈ పాతపట్టణమును ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించునాటికి అచ్చటి కీర్తికి మేడలెంత కారణమో, ఈ జనులును అంత కారణము.

పునరుద్ధరణమునకు రెండు మార్గములు అప్పుడు గోచరించినవి. మొదటిది వాస్తుశిల్పి లీనా బో బార్దీ 1986 తరువాత రచించిన ప్రణాళిక. క్రింది అంతస్తున అంగడులు, పై అంతస్తుల నివాసములు ఉండవలెననియు, ఉన్నవారు అచ్చటనే యుండవలెననియు ఆమె యభిప్రాయము. మిజెరికోర్దియా అను ఏటవాలు వీధిలో కొన్ని ఇండ్లవరకు ఆ ప్రయత్నము జరిగి, అంతటితో నిలిచిపోయెను.

రెండవ మార్గము 1992లో బయీయా రాష్ట్రప్రభుత్వము చేపట్టినది. అప్పటి గవర్నరు ఆంతోన్యో కార్లోస్ మగల్యాయిస్. పేటను ఇండ్లవరుసలుగా విభజించి, దశలవారీగా ఖాళీచేయించి, పైకప్పులు, గోడలు, మురుగుకాలువలు, దీపములు సమకూర్చి, ముఖద్వారములకు ప్రకాశవంతమైన రంగులు పూసిరి. కూలబోవు మేడలు నిలిచినవి. ఇది తీసివేయదగిన ఫలము కాదు. కాని వేయికి మించిన కుటుంబములు పేటను విడువవలసివచ్చెను. పలువురు స్వల్పమగు నష్టపరిహారమును స్వీకరించి వెడలిరి.

ఈ పరిహారమందలి లోపము పరిశీలింపదగినది. అద్దెకున్నవానికి ఇల్లు తనది కాదు. కావున ఇంటి వెల యతనికి రాదు. చేతికి వచ్చిన సొమ్ము నగరపు శివార్లలో గుడిసెకు చాలునేమో గాని, నగరమధ్యమున గదికి చాలదు. గది పోవుటతో ఇల్లొకటియే పోలేదు. పేటలో నున్నవాని జీవనోపాధి నడకదూరములో నుండెను. బట్టలిచ్చు ఇండ్లు, సరకు మోయు రేవు, తినుబండారము లమ్ము వీధి, పిల్లను చూచు పొరుగువారు - ఇవన్నియు గదితోపాటు పోయినవి. లెక్కపత్రములలో వీనికి పద్దు లేదు.

సాహిత్యవిద్యార్థి గమనింపవలసిన విశేష మొకటి కలదు. ఇండ్ల వెనుక పెరడులను కలిపి ప్రదర్శనలకై చౌకములు కట్టిరి. వానికి తెరేజా బతీస్తా, పేద్రు అర్కాంజు, కింకాస్ బెర్రో దాగ్వా అని పేరులు పెట్టిరి. ఇవి అమాదు నవలలలోని పాత్రల పేరులు. పేదలు, త్రాగుబోతులు, వీధినేలినవారు. నవలలోని పేదకు చౌకము దక్కెను; ఆ నవలకు ప్రాణముపోసిన పేదకు పెరడు పోయెను. మేడల క్రిందిభాగములు అంగడులు, భోజనశాలలు అయినవి. అచ్చటికి సందర్శకులను రప్పించుటకై ప్రభుత్వమే ధనమిచ్చి రాత్రులందు సంగీతసభలు నడపవలసివచ్చెను. నివాసులు లేని వీధికి సందడి సహజముగా రాదు; దానిని కొనవలసియుండును.

ఏడవ దశనాటికి నివాసులు మౌనము వహింపలేదు. సంఘముగా నేర్పడి, వెడలగొట్టుట నెదిరించి, న్యాయసంస్థల సాయము పొందిరి. 2005లో ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరెను. దానివలన 103 కుటుంబములకు ఆ ప్రాంతమందే బాగుచేసిన ఇండ్లలో నిలుచు హక్కు లభించెను. ఇండ్లు అప్పగించుట చాలకాలము జాగయ్యెను. ఐనను నియమము మారినది: అద్దెకున్నవాడు తొలగింపదగిన అడ్డంకి గాక, పునరుద్ధరణములో భాగస్థుడని లిఖితముగా అంగీకరింపబడెను.

దీనినుండి మేము గ్రహించిన దిది. మరమ్మతు చేయక విడుచుట నివాసులకు మేలు కాదు. కూలు కప్పుక్రింద నుండుట ఎవనికిని హక్కుగా నెన్నదగినది కాదు. కాని మరమ్మతు ఆరంభమునకు ముందే యెవరు తిరిగి వత్తురో, ఏ యద్దెకు వత్తురో, పనుల కాలమున ఎచ్చట నుందురో నిర్ణయింపవలెను. తరువాత నిర్ణయింతమన్నచో నిర్ణయము ధరలు చేయును. పాతపట్టణముల సర్వే చేయు పరిశోధకులు స్తంభములను, తలుపులను లెక్కించునట్లే, ఒక్కొక్క గదిలో నెవరున్నారో, ఎంతకాలమునుండి యున్నారో, ఏ పనిమీద బ్రదుకుచున్నారో వ్రాసికొనవలెను. జీర్ణోద్ధరణతోబాటు సత్రమును గూడ శాసనమున వ్రాయించిన దాతల దృష్టి ఇదియే. ఆ రెండవ పద్దు లేనిచో మిగులునది గోడలు మాత్రమే.