చుట్టేస్తే ఖర్చు... ఆగితే ఆదా!

వారం రోజులు, ఓ చిన్న కారు, ఐర్లండ్ పల్లెదారులు

పటంలో ఐర్లండ్‌ను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. దీవి మొత్తం కలిపినా తెలంగాణ కంటే చిన్నది. ‘ఓ చుట్టు చుట్టి రావడానికి వారం చాలదూ!’ అనిపిస్తుంది. డబ్లిన్‌లో దిగి కారు తీసుకోవడం, ఉత్తరాన జెయింట్స్ కాజ్‌వే, పడమట మోహెర్ కొండచరియలు, దక్షిణాన కెర్రీ, కార్క్ మీదుగా మళ్లీ డబ్లిన్... కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. ఖర్చు చెయ్యి దాటేది కూడా అక్కడే. రోజుకో ఊళ్లో గది, రోజూ నాలుగైదు గంటల డ్రైవింగ్, వండుకునే తీరిక లేక మూడు పూటలా బయటి తిండి. ఐర్లండ్‌లో డబ్బు మిగలాలంటే తక్కువ తిరగాలి. పశ్చిమ తీరంలో ఒక మూల పట్టుకుని, రెండే రెండు చోట్ల మకాం పెట్టి, చుట్టుపక్కలవి చూసుకుంటూ ఉండాలి.

ఉత్తరాన ఇనిషోవెన్ నుంచి దక్షిణాన కిన్సేల్ దాకా సుమారు 2,500 కిలోమీటర్ల తీరపు దారికి 2014లో ‘వైల్డ్ అట్లాంటిక్ వే’ అని పేరు పెట్టారు. వారంలో దాన్ని పూర్తి చేయాలనుకోవడం మూడు రోజుల్లో కాశీ, రామేశ్వరం రెండూ చూసి రావాలనుకున్నట్టే. అందులోంచి క్లేర్, కెర్రీ అనే రెండు కౌంటీలను తీసుకుందాం. క్లేర్‌లో మూడు రాత్రులు, కెర్రీలో నాలుగు. జనం తక్కువుండే చోటు కావాలంటే కెర్రీ మానేసి గాల్వేకి పడమటనున్న కానెమారా వెళ్లొచ్చు. అక్కడి జాతీయ పార్కులో 442 మీటర్ల డైమండ్ హిల్ ఎక్కడానికి టికెట్ లేదు. రెండూ కావాలంటే మాత్రం వారం చాలదు.

వీసా దగ్గరే మొదటి తప్పటడుగు

ఐర్లండ్ షెంజెన్ కూటమిలో లేదు. ఫ్రాన్స్‌కో ఇటలీకో తీసుకున్న వీసా ఇక్కడ చెల్లదు. విడిగా తీసుకోవాలి, ఒకసారి ప్రవేశానికి రుసుము 60 యూరోలు. పనిలో పనిగా లండన్ కూడా చూడాలనుకునే వాళ్లకు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉంది. ఆ గుర్తు పడిన ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. జెయింట్స్ కాజ్‌వే ఉన్న ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగమన్న సంగతి చాలామందికి తట్టదు. సరిహద్దులో గేటు కనిపించదు, పోలీసు ఆపడు. వీసా నియమం మాత్రం అక్కడా ఉంటుంది. అద్దె కారును అటు తీసుకెళ్తున్నట్టు ముందే చెప్పాలి కూడా.

డబ్లిన్‌లో కారు అసలు వద్దు. పార్కింగ్‌కు పోసే డబ్బుతో ట్రామ్‌లో ఊరంతా తిరగొచ్చు. ఒక రోజు అక్కడ ఉండేట్టయితే మనవాళ్లకు ఓ చిన్న ఆకర్షణ ఉంది. బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1913 నుంచి 1916 దాకా చదువుకున్నది ఈ నగరంలోనే. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆయన్ను దేశం విడిచి వెళ్లమన్నారు. డబ్లిన్ విమానాశ్రయం నుంచి లిమెరిక్‌కు బస్సులున్నాయి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న షానన్ విమానాశ్రయంలో కారు తీసుకుని, మళ్లీ అక్కడే అప్పగిస్తే ‘ఒక చోట తీసుకుని మరో చోట వదిలినందుకు’ వేసే అదనపు రుసుమూ ఉండదు.

అసలు కథ కౌంటర్ దగ్గర

ఆన్‌లైన్‌లో కనిపించే కారు అద్దె చూసి సంబరపడొద్దు. అద్దెలో మామూలు బీమా కలిసే ఉంటుంది. కానీ కారుకు దెబ్బ తగిలితే మొదటి వెయ్యిన్నర, రెండు వేల యూరోలు మీరే భరించాలన్న షరతు అందులోనే ఉంటుంది. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం చాలా పాలసీల్లోకి రావు. ఆ భారం కూడా తప్పాలంటే రోజుకు ఇంత అని కౌంటర్‌లోని అమ్మాయి నవ్వుతూ చెబుతుంది. కొన్నిసార్లు ఆ మొత్తం అద్దెను మించిపోతుంది. విడిగా దొరికే ‘ఎక్సెస్’ బీమా ముందే కొనుక్కుంటే చాలా చవక. అయితే అప్పుడు కంపెనీ మీ క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తాన్ని నిలిపి ఉంచుతుంది, కారు తిరిగి ఇచ్చాక వదులుతుంది. కాబట్టి కార్డు నడిపేవారి పేరు మీదే ఉండాలి, పరిమితీ సరిపడా ఉండాలి. డెబిట్ కార్డుతో వెళ్లి ఖరీదైన బీమా అంటగట్టించుకునేవాళ్లు ఎక్కువ.

ఈ బీమా గొడవ ఇంతసేపు ఎందుకంటే, అక్కడి పల్లెదారులు అలాంటివి. రోడ్డుకు రెండు పక్కలా పచ్చటి పొదలు. వేసవిలో కెర్రీలో వాటికి ఎర్రటి ఫ్యూషియా పూలు గుత్తులుగా వేలాడుతుంటాయి, ముద్దొస్తాయి. ఎదురుగా ట్రాక్టర్ వచ్చిందని ఆ పూలలోకి ఓ అడుగు జరిపితే కర్‌ర్‌మంటుంది. పొద లోపల శతాబ్దాల నాటి రాతిగోడ! ఎడమ అద్దం, ఎడమ టైరు పోయేది అక్కడే. కొన్ని దార్ల నడుమ గడ్డి మొలిచి ఉంటుంది, ఒక్క కారే పడుతుంది. ఎవరికి దగ్గర్లో కాస్త వెడల్పు ఉంటే వాళ్లు వెనక్కి వెళ్లి దారి ఇవ్వాలి. దాటిపోతూ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తడం అక్కడి పలకరింపు. మీరూ ఎత్తండి.

మనకు కలిసొచ్చేదేమిటంటే అక్కడా బండి ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. రౌండ్ అబౌట్‌లో కుడి నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్నది మనవాళ్లు కాగితం మీదే నేర్చుకునే నియమం, అక్కడ నిజంగా పాటిస్తారు. గేర్ల కారు ఆటోమేటిక్ కంటే చవక. మన దగ్గర గేర్లు అలవాటున్నవాళ్లకు ఇది ఉచిత రాయితీ. చిన్న పల్లెరోడ్ల మీద వేగ పరిమితిని 2025 ఫిబ్రవరిలో 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. నిజానికి 60 కూడా వెళ్లలేరు. ఫోన్ చెప్పే సమయానికి మూడో వంతు కలుపుకోండి. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ దగ్గరుంటే కౌంటర్‌లో వాదన ఉండదు. బంకులో ఆకుపచ్చ పంపు పెట్రోలు, నల్లది డీజిలు. చూడకుండా పట్టుకోవద్దు.

టికెట్ లేని అందాలు

క్లేర్‌లో అందరూ పరుగెత్తేది మోహెర్ కొండచరియలకు. 214 మీటర్ల ఎత్తు, కింద అట్లాంటిక్. చూడాల్సిందే, కాదనను. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, పొద్దున్నో సాయంత్రమో వేళకు కొంటే తక్కువకు వస్తుంది, పార్కింగ్ అందులోనే. నన్నడిగితే దానికి దక్షిణాన కిల్కీ ఊరి చరియల మీది నడక, లూప్ హెడ్ కొస ఏ మాత్రం తీసిపోవు. అక్కడ టికెట్ లేదు, బస్సుల వరసా లేదు. లోపలికి వెళ్తే బరెన్: నేలంతా పగుళ్లిచ్చిన బూడిదరంగు సున్నపురాయి. ఆ పగుళ్లలో మే నెలలో నీలం జెన్షియన్ పూలు పూస్తాయి. పౌల్నబ్రోన్ రాతి సమాధికి అయిదు వేల ఏళ్ల పైనే. దానికీ రుసుము లేదు. సెప్టెంబరులో వెళ్తుంటే లిస్‌డూన్‌వార్నాలో గది వెతక్కండి. పెళ్లి సంబంధాలు కుదిర్చే జాతర ఆ నెలలోనే. ఊరు కిటకిటలాడుతుంది, అద్దెలూ ఆకాశంలో ఉంటాయి.

కెర్రీకి వెళ్లడానికి లిమెరిక్ చుట్టూ తిరగనక్కర్లేదు. కిల్లిమర్ రేవులో కారుతో సహా పడవెక్కితే ఇరవై నిమిషాల్లో షానన్ నది దాటి టార్బర్ట్‌లో దిగుతారు. వంద కిలోమీటర్లకు పైగా కలిసొస్తుంది. అక్కడి నుంచి డింగిల్ ద్వీపకల్పం. స్లే హెడ్ చుట్టును సవ్యదిశలోనే తిరగండి. టూరిస్టు బస్సులూ అటే వెళ్తాయి కాబట్టి ఇరుకు మలుపులో ఎదురుపడవు. ఇక్కడ ఐరిష్ భాష మాట్లాడే ఊళ్లు, బోర్డులూ ఆ భాషలోనే. డింగిల్‌కు ‘అన్ డేంగన్’ అని రాసి ఉంటే దారి తప్పామని కంగారు పడొద్దు.

డన్‌క్విన్ దగ్గర ఆగి సముద్రంలోకి చూస్తే బ్లాస్కెట్ దీవులు. బతుకు భారమై చివరి కుటుంబాలు 1953లో ఒడ్డుకు వచ్చేశాయి. ఈ పక్క కొండవాలు మీద పొద్దు వాలేటప్పుడు పరీక్షగా చూస్తే పచ్చిక కింద బారులు బారులుగా గట్లు కనిపిస్తాయి. అవి బంగాళాదుంప మళ్లు. 1845లో తెగులు సోకి మొదలైన కరవులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందే ఓడలెక్కారు. సేద్యం ఆగిపోయినా చాలాచోట్ల ఆ గట్లు చెరిగిపోలేదు. ఏ గైడూ టికెట్ పెట్టి చూపించనిది ఇదే, ఇక్కడ ఓ గంట ఆగొచ్చు.

ఇంచ్ బీచ్‌లో కారును ఇసుకలోకి దింపనిస్తారు. అద్దె కారుతో మాత్రం వద్దు. పోటు వస్తే బీమా రాదు. కిల్లార్నీ జాతీయ పార్కు 1932 నుంచీ ఉంది, ప్రవేశం ఉచితం. టార్క్ జలపాతం, సరస్సులు అన్నీ నడకతోనే చూడొచ్చు. 179 కిలోమీటర్ల ‘రింగ్ ఆఫ్ కెర్రీ’ని నేనైతే వదిలేస్తాను. రోజంతా బస్సుల వెనక గడిచిపోతుంది.

ఆవకాయ సరే, నెయ్యి వద్దు

వంటగది ఉన్న ఇల్లో, హాస్టలో తీసుకుంటే సగం ఖర్చు తగ్గినట్టే. పొడులు, పచ్చళ్లు సర్దుకోండి. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం పెట్టొద్దు. పాల ఉత్పత్తుల్నీ మాంసాన్నీ బయటి నుంచి తెచ్చుకోవడం యూరోపియన్ యూనియన్ నిషేధించింది. లిడిల్, ఆల్డీ దుకాణాల్లో బియ్యం, పెరుగు, గుడ్లు, కూరగాయలు దొరుకుతాయి. మధ్యాహ్నం పబ్‌లో సూపు, గోధుమరంగు సోడా రొట్టె తీసుకుంటే కడుపు నిండుతుంది, జేబుకూ బరువు కాదు. అల్పాహారంలో ‘బ్లాక్ పుడింగ్’ అంటే తీపి వంటకం కాదు, పంది రక్తంతో చేసేది. తెలుసుకుని తినండి. సాయంత్రం క్లేర్‌లోని డూలిన్ ఊరి పబ్బుల్లో ఫిడేలు, ఫ్లూటు పట్టుకుని ఊరివాళ్లు ఓ మూల కూర్చుని వాయిస్తుంటే వినడానికి డబ్బులడగరు. ఒక నిమ్మసోడా చాలు. పిల్లల్ని రాత్రి 9 దాకా, మే నుంచి సెప్టెంబరు దాకా 10 వరకు కూర్చోనిస్తారు.

నలుగురికీ ఎంతవుతుంది?

మే నెలలోనో సెప్టెంబరులోనో నలుగురు వెళ్తున్నారనుకుందాం. చిన్న కారుకు వారానికి సుమారు 400 యూరోలు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పెట్రోలు వంద లోపు. వంటగది ఉన్న ఇంటికి రాత్రికి 140 చొప్పున దాదాపు వెయ్యి. తిండికి 400, పడవకూ టికెట్లకూ మరో వంద. మొత్తం రెండు వేలు, మనిషికి 500 యూరోలు. మన డబ్బుల్లో యాభై వేలకు అటూ ఇటూ. విమానం, వీసా, బీమా దీనికి అదనం. జులై, ఆగస్టుల్లో కారూ ఇల్లూ రెట్టింపు కావొచ్చు. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది కాబట్టి ఆ నెల మొదటి వారం దొరికితే వదలొద్దు.

ఇద్దరే వెళ్తే ఈ లెక్క కుదరదు. అప్పుడు రోజులు తగ్గించడం కంటే కారును తగ్గించడం మేలు. గాల్వే నుంచి డూలిన్, మోహెర్ చరియల మీదుగా ఎన్నిస్ దాకా మన ఆర్టీసీ లాంటి ప్రభుత్వ సంస్థ నడిపే 350 నంబరు బస్సు వెళ్తుంది. క్లేర్‌ను ఆ బస్సులో చూసేసి, కెర్రీలో ఉన్న నాలుగు రోజులకే కారు తీసుకుంటే సరి.