చెమ్మగాలిలో తెల్లకాగితం

వానాకాలంలో అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో ఏ జిరాక్స్ షాపులోనైనా, పొద్దుటి నుంచి ట్రేలో ఉన్న కాగితాన్ని చేతిలోకి తీసుకోండి. ఫెళఫెళలాడదు. గాలికి వదిలేసిన అప్పడంలా మెత్తగా వంగుతుంది. అండమాన్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ చాలా రోజులు 80 శాతం దగ్గరే ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మత్స్యకారులకు ఈ గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఎండబెట్టిన చేప ఒక్క ముసురుకే మెత్తబడుతుంది. కాగితమూ అలాంటి ఎండు సరుకే.

రాజమండ్రి కాగితం మిల్లులో సరుగుడు, సుబాబుల్ కర్రను ఉడికించి తీసే గుజ్జంతా సెల్యులోజ్ నారలే. వాటికి నీరంటే మహా ఇష్టం. ప్రింటరుకు పనికొచ్చే కాగితంలో సుమారు 5 శాతం తేమ ఉంటుంది. ఇక్కడి గాలిలో అది 10కి చేరువవుతుంది. నీరు తాగిన నార పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. కట్టలో గాలి ముందు తగిలేది అంచులకు గనక అవి ఉబ్బి అలలు తేలతాయి. నడిమి భాగం అలాగే ఉంటుంది. ఇక అలాంటి కాగితం ప్రింటరు రోలర్ల మధ్య ఇరుక్కోక ఏం చేస్తుంది? లేజర్ ప్రింటరులో టోనర్ పొడిని కాగితం మీదికి లాగేది విద్యుదావేశం. చెమ్మ కాగితం మీద అది నిలవదు, అచ్చు పాలిపోతుంది. ఆపైన 200 డిగ్రీలకు అటూఇటూగా ఉండే వేడి రోలరు దగ్గర తేమ ఆవిరై కాగితం చుట్టుకుపోతుంది.

ఈ ఊరికి నేను 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితమే మేలంటాను. పల్చటిది ఈ చెమ్మకు త్వరగా వాలిపోతుంది. రీము చుట్టిన కవరుకు తేమను ఆపే పూత ఉంటుంది. అది చినిగిన రీము ధర తగ్గించినా కొనకండి.

రీములను నేల మీద, గోడకు ఆనించి పెట్టవద్దు. ఏసీ గదిలోంచి తెచ్చిన రీమును వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద చెమ్మ పడుతుంది. కొన్ని గంటలు ఆగండి. ఏసీ లేనివాళ్లకు పాత ఉపాయం ఉంది. ఇనప బీరువాలో, కాగితాలకు ఎడంగా చిన్న ఫిలమెంట్ బల్బు వెలిగించడం. లోపలి గాలి 28 నుంచి 33 డిగ్రీలకు వేడెక్కితే 85 శాతం తేమ 64కి దిగుతుంది. ఎల్ఈడీతో ఆ పని జరగదు.

రాత్రి షాపు కట్టేసేటప్పుడు ట్రేలో మిగిలిన కాగితాన్ని తీసి, గాలి చొరని కవరులో పెట్టి వెళ్లండి.