కంటిలో తాటిముంజ

"అమ్మాయ్, కంటి ముందు దోమలు ఆడుతున్నట్టుంటే ఏంటంటావ్?"

రెండేళ్ళ కిందట, ఫిబ్రవరి నెలలో మా అత్తయ్య ఫోన్లో అడిగిన మాట ఇది. నేను గుంటూరులో పిల్లల కారియర్లు సర్దే హడావుడిలో ఉన్నాను. ఆవిడ పర్చూరు దగ్గర మా పల్లెలో మిరప కోతల హడావుడిలో ఉంది. "మిరప ఘాటు తగిలుంటుంది అత్తయ్యా, చన్నీళ్ళతో కడుక్కోండి" అన్నాను. కుడికంటి మూల మెరుపు మెరిసినట్టవుతోందని కూడా చెప్పింది. "శుక్లం వస్తోందేమో, కాయ అమ్మాక చూపిద్దాం" అన్నాను. డిగ్రీ చదివినదాన్ని, కథలు రాసేదాన్ని కదా! నా మాట నమ్మింది.

మూడు వారాలకి కాయ యార్డుకి వచ్చింది. దాంతోపాటే అత్తయ్యా వచ్చింది. భోజనాల దగ్గర కుడిపక్కనున్న మంచినీళ్ళ చెంబుని చూడకుండా తన్నేసింది. "ఈ కంటికి నల్లటి పరదా దిగినట్టుంది అమ్మాయ్" అంది మెల్లగా. ఆ సాయంత్రమే కంటి ఆస్పత్రికి పరిగెత్తాం.

"రెటీనా ఊడింది. మెరుపులు మొదలైనప్పుడే వచ్చుంటే చిరుగు చుట్టూ లేజర్ చేసి ఆపగలిగేవాళ్ళమేమో" అన్నారు డాక్టరుగారు. అత్తయ్య నావైపు చూడలేదు. చూసినా బాగుండేది!

ముదరని ముంజ

ఆ రోజు డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పింది నాకు అర్థమైన భాషలో చెబుతాను. మన కనుగుడ్డు లోపల అయిదింట నాలుగొంతులు ఒక జెల్లీ ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. లేత తాటిముంజలా నిగనిగలాడుతూ, వెలుగుకి అడ్డం రాకుండా ఉంటుంది. మొత్తం కలిపి 4 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాకి కాస్త తక్కువ. అందులో నూటికి 98 వంతులకి పైగా నీరే. ఆ నీటిని సన్నటి కొలాజెన్ పోగులూ, హయలురానిక్ ఆమ్లం అనే జిగురు పదార్థమూ పట్టి ఉంచుతాయి.

ముంజ ముదిరితే గట్టిపడుతుంది. కంటిలో జెల్లీ మాత్రం వయసుతోపాటు నీరుగారి, కుంచించుకుపోతుంది. అలా కుంచించుకుంటూ వెనకనున్న రెటీనా నుంచి విడిపడుతుంది. చాలామందికి దానివల్ల ప్రమాదమేమీ ఉండదు. కొందరికి మాత్రం విడిపోతూ రెటీనాని లాగి చించుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి పోతే, చెమ్మకి గోడమీది కాగితం ఊడినట్టు రెటీనా ఊడి వస్తుంది. ఎక్కువ మైనస్ అద్దాలు వాడేవాళ్ళకీ, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళకీ, కంటికి దెబ్బ తగిలినవాళ్ళకీ ఈ ముప్పు ఎక్కువ.

తీసేస్తే మళ్ళీ ఊరదు

ఆపరేషన్‌లో ముందు ఆ జెల్లీని తీసేయాలన్నారు. "మళ్ళీ ఊరుతుందా?" అనడిగాను. ఊరదట. శరీరం ఆ ఖాళీని నీటితో నింపుతుంది కానీ జెల్లీని తయారు చేయలేదు. ఉత్త నీరేమో ఊడిన రెటీనాని గోడకి అదిమి ఉంచలేదు. అందుకే అది అతుక్కునే దాకా లోపల ఏదో ఒకటి నింపాలి.

కనుగుడ్డు పక్కనుంచి చిన్న రంధ్రం చేసి ఈ జెల్లీని తీసే పద్ధతిని అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ అనే డాక్టరు 1970లో మొదలుపెట్టారు. తన పరికరం పనిచేస్తుందో లేదో ఆయన ముందుగా చూసుకున్నది కోడిగుడ్డు తెల్లసొన మీదట! సిలికాన్ నూనెని కంట్లో నింపి చూపించినవారు పాల్ సిబిస్, 1962లో. ఇన్నేళ్ళయినా ఇప్పటికీ మామూలుగా వాడేవి రెండే. ఒకటి గ్యాసు, రెండోది ఈ నూనె.

గ్యాసు రకాన్నిబట్టి రెండు వారాల నుంచి రెండు నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. కానీ అది కంట్లో ఉన్నన్నాళ్ళూ విమానమెక్కకూడదు, కొండలెక్కకూడదు. ఎత్తుకి పోయేకొద్దీ గ్యాసు ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇంకే ఆపరేషన్ అవసరమైనా మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. తిరుమల మొక్కు ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మా అత్తయ్యకి నూనె పెట్టారు. ఆలస్యమైనందువల్ల రెటీనా మీద మచ్చకట్టి ముడతలు పడ్డాయట. ఎక్కువ రోజులు అదిమి ఉంచాలంటే నూనే మేలన్నారు.

మెట్టెలు చూసి గుర్తుపట్టేది

నూనెగానీ గ్యాసుగానీ నీటికంటే తేలిక, పైకి తేలుతుంది. కంటి వెనకభాగాన్ని అదమాలంటే మనిషి తల వంచుకునే ఉండాలి. మా అత్తయ్యకి వారం రోజులు చెప్పారు. రాత్రి బోర్లా పడుకోవడం, పగలు బల్లమీద దిండు పెట్టుకుని నుదురు ఆనించడం. కాఫీ గొట్టంతో తాగింది. వచ్చినవాళ్ళ మొహాలు కనబడవు కనుక, బాగున్న కంటితో కాళ్ళ మెట్టెలు చూసి "పెద్దమ్మాయా?" అని పలకరించేది. మెడ పట్టేసి రాత్రిళ్ళు మూలిగేది. ఆ మూలుగు విన్నప్పుడల్లా "కాయ అమ్మాక చూపిద్దాం" అన్న నా మాటే నాకు వినబడేది.

పట్టు పూర్తయ్యాక ఆపరేషన్ గొడవ అయిపోయిందనుకున్నారు ఇంట్లో అందరూ. అవలేదు. నూనె శాశ్వతం కాదు. అలాగే వదిలేస్తే చిన్న చిన్న బిందువులుగా విడిపోవచ్చు. కంట్లో ఒత్తిడి పెరగొచ్చు. శుక్లం తొందరగా వస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య తీసేస్తారు. మాకిచ్చిన తేదీ జూలైలో, సరిగ్గా పత్తి విత్తే రోజుల్లో వచ్చింది. "విత్తనాలు పడ్డాక చూద్దాంలే" అంది అత్తయ్య. ఈసారి నేను వినలేదు. ఆటో తీసుకుని ఊరికి వెళ్ళి కూర్చున్నాను.

జున్నులా గడ్డకట్టే మందు

అసలు జెల్లీ స్థానంలో జెల్లీనే పెట్టలేరా అని మీకూ అనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. అది అద్దంలా ఉండాలి. సన్నటి సూదిలోంచి పోతూ చితికిపోకూడదు. నీరు పీల్చి ఉబ్బకూడదు, కంటిని మంటపెట్టకూడదు. ఇన్ని పరీక్షలు నెగ్గడం కష్టం.

జపాన్ శాస్త్రవేత్తలు 2017లో, కంట్లోకి వెళ్ళాక నిమిషాల్లో జెల్లీగా మారే ద్రవాన్ని కుందేళ్ళలో ఏడాదికి పైగా ఉంచి చూశారు. సింగపూర్ బృందం 2019లో మరొకటి ప్రకటించింది. అది చల్లగా ఉంటే నీరు, ఒంటి వేడి తగిలితే జెల్లీ. జున్నుపాలు వేడికి గడ్డకట్టడం మనకి తెలిసిందేగా! కుందేళ్ళలోనూ కోతుల్లోనూ అది రెటీనాని నిలబెట్టి, మెల్లగా కరిగిపోతూ, దాని చోట సొంత జెల్లీలాంటిది ఏర్పడేలా చేసిందట. అలాంటివి మన ఆస్పత్రుల్లో మామూలు వాడకానికి వచ్చిన రోజున తల వంచుకుని కూర్చునే శిక్షా, నూనె తీయించే రెండో ఆపరేషనూ తప్పుతాయని ఆశ.

అందాకా మన చేతిలో ఉన్నది తొందరపడడమే. ఒకప్పుడు రెటీనా అంటే మద్రాసు పోవాలనేవారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పెట్టారు. 2011లో దాని శాఖ విజయవాడ పక్కన తాడిగడపకి వచ్చింది. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆస్పత్రి ఉంది. దూరం ఇప్పుడు సాకు కాదు. పొలం పనులే సాకు, మన నిర్లక్ష్యమే సాకు.

ఉన్నట్టుండి నల్లచుక్కలు ఎక్కువైనా, కంటి మూల మెరుపులు వచ్చినా, పరదా దిగినట్టున్నా నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. రెటీనా ఊడితే నొప్పి ఉండదు. అద్దాల షాపుకి కాదు, కంటిపాపలు పెద్దవిచేసి చూసే డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్ళండి.

నూనె తీసినప్పుడే అత్తయ్యకి శుక్లం కూడా తీశారు. ఆ ఆపరేషన్‌లో కంటి పొరలు నలగకుండా కాసేపు ఒక జెల్లీ పెట్టి, చివర్లో కడిగేస్తారు. మన దేశంలో ఎక్కువగా వాడే రకాన్ని చెట్లగుజ్జు నుంచో, పత్తిగింజల మీది నూగు నుంచో తయారు చేస్తారని డాక్టరుగారు చెప్పారు. అత్తయ్య మొహం వెలిగింది. "అయితే మన పత్తే అయ్యుండొచ్చు అమ్మాయ్!" అంది.

ఇప్పుడు ఆ కంటికి మనుషులు కనబడతారు, పేపర్లో పెద్దక్షరాలు కనబడతాయి. సూదిలో దారం మాత్రం ఎక్కించలేదు. ఆ మూడు వారాలు తీసుకెళ్ళినదాన్ని ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. నన్ను ఆవిడ ఒక్కమాటా అనలేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కంటి ముందు దోమలంటే, చేతిలో పని పక్కన పెట్టి వినండి.