రిజిస్టరులో లేని గడి

పోయిన సంక్రాంతికి మా చాల్ ఆడవాళ్లం నలుగురం నువ్వుల లడ్డూలు, చీరలు పట్టుకొని నగరం బయట ఉన్న ఒక వృద్ధాశ్రమానికి పోయినం. కిటికీ పక్క మంచం మీద ఒక అవ్వ తనలో తాను ఏదో అంటున్నది. "ఆమెకు మతి లేదు, ఊరికే గొణుగుతది" అని ఆయా మరాఠీలో చెప్పింది.

దగ్గరికి పోయి విన్నం. "సలి పెడుతున్నది బిడ్డా, కిటికీ మూయుండ్రి" అంటున్నది అవ్వ. మేం కిటికీ మూసినం. ఆమె నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదలలేదు. పెనిమిటి మిల్లులో సాంచాల ఖాతాలో పనిచేసేవాడట. 1982 సమ్మె తర్వాత మళ్లీ లోపలికి పోలేదట.

ఆఫీసులో రిజిస్టరు చూపించమని అడిగినం. పేరు తప్పు రాసి ఉన్నది. వయసు అందాజగా 70. చేర్పించిన వాళ్ల ఫోన్ నంబరు పనిచేయదు. మాతృభాషకు అసలు గడే లేదు. ఆయాల తప్పని నేననను. ముప్పై మంచాలకు వాళ్లు ఇద్దరే. కానీ ఆ ఒక్క గడి ఉండి ఉంటే అవ్వను మతి లేనిదని అనేవాళ్లు కాదు కదా!

దేశం లెక్కలోనూ ఇదే తీరు. 2011 జనగణన ప్రకారం 60 దాటినవాళ్లు మన దేశంలో 10 కోట్ల 38 లక్షల మంది. చుట్టరికం లేకుండా ఒకే సంస్థలో ఉంటూ ఒకే వంటింటి కూడు తినేవాళ్లను జనగణనలో 'సంస్థాగత కుటుంబం' అంటరు. హాస్టలు, జైలు, వృద్ధాశ్రమం అన్నీ అందులోకే వస్తయి. 2017-18లో పెద్ద వయసువాళ్ల ఆరోగ్యం మీద దేశమంతా చేసిన 'లాసీ' సర్వేలో 72 వేల మందికి పైగా మాట్లాడిన్రు. అది ఇండ్లల్లో ఉండేవాళ్ల సర్వే. ఆశ్రమాల మంచాల దాకా రాలేదు.

లెక్క ఎందుకంటరా? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో దిక్కులేని పెద్దలు 150 మందికి చోటు అన్న మాట ఉన్నది. 150 చాలుతయా, ఎక్కడ ఎన్ని కావాలె అన్నది లెక్క ఉంటేనే తెలుస్తది. ఇంగ్లండులో కరోనా మొదలైనప్పుడు రోజూ టీవీలో చెప్పిన మరణాలు ఆస్పత్రులవే. 2020 ఏప్రిల్ 29 నుంచే సంరక్షణ గృహాల్లో పోయినవాళ్లను ఆ రోజువారీ లెక్కలో కలిపిన్రు. అప్పటిదాకా ఆ దుఃఖం ఆ రోజువారీ అంకెల్లో కనపడలేదు.

మనం చేయగలిగింది కొంత ఉన్నది. 2027 జనగణనకు లెక్క తేదీ మార్చి 1. మనిషి మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే లెక్క. అమ్మను ఆశ్రమంలో ఉంచిన సంగతి నలుగురికీ తెలుస్తదని సిగ్గుపడి "ఇంట్లనే ఉన్నది" అని రాయించకండి. ఆశ్రమంలో ఆమె పేరు, వయసు, భాష సరిగ్గా రాయించండి. బీపీ, షుగరు మందులు, పనిచేసే రెండు ఫోన్ నంబర్లు ఇవ్వండి. మిల్లు పెన్షను వచ్చేవాళ్లకు ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం పోవాలె. పోకపోతే పైసలు ఆగుతయి. ఆ తేదీ కూడా రిజిస్టరులో ఉండాలె. ఆధార్ నకళ్లు మాత్రం తాళం వేసిన బీరువాలో ఉంచమనండి. వివరం రాసుకునేది వాళ్ల మేలుకే గానీ పదిమందికి చూపెట్టడానికి కాదు.

మేం మొన్న మళ్లీ పోయినం. మేనేజరు రిజిస్టరులో గీత గీసి 'మాతృభాష' అని కొత్త గడి పెట్టిండు. ఇంకో ఇద్దరు తెలుగువాళ్లు తేలిన్రు. ఒక తాతను అన్నేండ్లూ కన్నడాయన అనుకున్నరట. అవ్వ మంచం పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉన్నది. నీళ్లు, సలి, నొప్పి, ఆకలి అని నాలుగు మాటలు మరాఠీ అక్షరాల్లో రాసి ఉన్నయి. ఆయా అవి చదివి పలుకుతుంటే అవ్వ దిద్దుతున్నది.