సూది తెచ్చిన ముక్క ఏం చెబుతుంది?

"ఆపరేషన్ చేసి గడ్డ తీస్తారు కదా సార్, అందులోంచి కావలసినంత పరీక్షించుకోవచ్చుగా?" అని నా పాథాలజీ క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఆ భాగ్యం తక్కువ. మన ప్రాంతాల్లో దగ్గు, నెత్తురు కళ్ళె అనగానే క్షయ మందులు మొదలెట్టి నెలలు గడిపేవాళ్ళున్నారు. తీరా వచ్చేసరికి ఆపరేషన్ దశ దాటిపోతుంది. ఇక మాకు దక్కేది, సి.టి. స్కాన్ చూస్తూ పక్కటెముకల సందునుంచి దూర్చిన సూదిలో వచ్చిన ముక్క. సేమియా పోగంత మందం, సెంటీమీటరో ఇంకాస్తో పొడవు.

ఒకప్పుడు అది క్యాన్సరా కాదా అని తేలితే చాలు. ఇప్పుడలా కాదు. 1992లో క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం పి.డి.-1 అనే ప్రొటీన్‌ను కనుగొన్నది. అది మన రక్షక సేనలోని టి-కణాలకు బ్రేకు వంటిది. క్యాన్సర్ కణం తన ఒంటిమీద పి.డి.-ఎల్.1 మొలిపించుకుని ఆ బ్రేకు తొక్కుతుంది. కాపలావాడు దొంగను చూసీ ఊరుకుంటాడన్నమాట. ఈ రెంటి మధ్యా అడ్డుపడేవే పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ మందులు. మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిసి హోంజో 2018లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈ మందు ఒక్కటీ ఎవరికి చాలు? పి.డి.-ఎల్.1 ఉన్నచోట గోధుమరంగు తేలేలా ముక్కకు రంగు వేసి, బతికున్న క్యాన్సర్ కణాల్లో నూటికి ఎన్నింటి అంచు రంగు తేలిందో లెక్కిస్తాం. 50 శాతమో ఆ పైనో ఉండి, ఇ.జి.ఎఫ్.ఆర్., ఏ.ఎల్.కె. జన్యువుల్లో మార్పు లేనివారికి కీమోథెరపీ కంటే ఇదే మేలని 2016లో ప్రచురితమైన పరీక్షల్లో తేలింది. అంతకన్న తక్కువైతే సాధారణంగా రెండూ కలిపి ఇస్తారు. లెక్కకు కనీసం 100 క్యాన్సర్ కణాలుండాలి. మాక్రోఫేజులకు కూడా అదే రంగు పడుతుంది. వాటిని కలిపి లెక్కించామా, రోగి దారే మారిపోతుంది!

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడమంటారు. గడ్డ దగ్గర ఆ సామెత పనికిరాదు. ఒక మూల ముదురుగా, మరో మూల అసలు రంగే లేకుండా ఉండొచ్చు. అందుకని నేను రెండు మూడు ముక్కలు కావాలంటాను. పొడిచిన ప్రతిసారీ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదముందని రేడియాలజిస్టు అంటాడు. ఇద్దరి మాటా న్యాయమే.

అసలు చిక్కు మరొకటి. ఎడినోకార్సినోమా అయితే జన్యు పరీక్షలకూ ఆ ముక్కే దిక్కు. రంగులన్నీ వేసేసరికి అది కాస్తా అరిగిపోతుంది. ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పు ఉన్నవారికి పి.డి.-ఎల్.1 ఎక్కువగా కనిపించినా ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయదు. పైగా అది ఇచ్చిన కొద్దిరోజులకే ఆసిమర్టినిబ్ మాత్రలకు మారిస్తే ఊపిరితిత్తులు వాచే ముప్పు పెరుగుతుంది. కాబట్టి మైనపు దిమ్మను మొదటిసారి కోసినప్పుడే, రంగు వేయని పలకలు కొన్ని అదనంగా తీసి దాచిపెడతాను. దిమ్మను మళ్ళీ బిగించి సరిచేసేటప్పుడు పోయే పొరలే ఎక్కువ మరి. రిపోర్టు మీద మాత్రం ఎర్రసిరాతో, "జన్యు ఫలితం వచ్చేదాకా ఇమ్యునోథెరపీ మొదలుపెట్టవద్దు" అని రాసి పంపుతాను.