మీకు తెలుసా? టవర్ తరంగం వేరు, రాతి కిరణం వేరు

• మోత్కూర్, భువనగిరి ప్రాంతమంతా గ్రానైట్ నేల. ఆ రాతిలో యురేనియం, థోరియం, పొటాషియం-40 అతి కొద్దిగా ఉంటాయి. వాటి గామా కిరణాలు అనాదిగా మన ఒంటి మీద పడుతూనే ఉన్నాయి. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందే రేడియేషన్ మోతాదు దాదాపు 2.4 మిల్లీసీవర్టులు. దీనికి కంగారు పడనక్కర్లేదు.

• పాత నల్గొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ఏకంగా యురేనియం నిక్షేపాలే ఉన్నాయి. నల్లమలలో తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

• సెల్ టవర్, మైక్రోవేవ్ ఓవెన్ తరంగాలు ఒకే జాతివి, గామా కిరణాలది వేరే జాతి. ఓవెన్ తరంగం 2.45 గిగాహెర్ట్జ్. దాని ఒక్కో ఫోటాన్ (తరంగం మోసే శక్తి మూట) శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి సుమారు పది ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అంటే పది లక్షల రెట్లు ఎక్కువ. గుట్టబండ మీద ఎన్ని గులకరాళ్లు విసిరినా పగలదు, సమ్మెట దెబ్బకు పగులుతుంది. గామా లేదా ఎక్స్‌రే ఫోటాన్ అలాంటి సమ్మెట. అది డీఎన్‌ఏ పోగును తెంపగలదు. కణం చాలావరకు అతుకు వేసుకుంటుంది. అతుకు తప్పితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు.

• అలాగని మైక్రోవేవ్‌లు ఏమీ చేయవని కాదు, వేడి చేస్తాయి. కంటి కటకంలో రక్తనాళాలు లేవు కాబట్టి ఆ వేడిని మోసుకుపోయే దారి లేదు. బలమైన తరంగాలు తగిలితే శుక్లం వచ్చే ప్రమాదం ఉంది. తలుపు సరిగా పడని ఓవెన్‌ను వాడకండి. వేడి చేసిన అన్నంలో మాత్రం రేడియేషన్ మిగలదు.

• సెల్‌ఫోన్ తరంగాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ‘క్యాన్సర్‌కు కారణం కావచ్చు’ అనే 2బి వర్గంలో పెట్టింది. రుజువులు పరిమితమని కూడా చెప్పింది. ఎక్స్‌రే, గామా కిరణాలు రుజువైన మొదటి వర్గంలో ఉన్నాయి. మన దేశంలో టవర్లకు 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతి.

• ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకన్నా తక్కువ. ఛాతీ సీటీ స్కాన్‌ది అంతకు పదుల రెట్లు. డాక్టరు అవసరమన్న సీటీని మానకూడదు. కానీ టవర్ విషయంలో పడే జాగ్రత్తలో సగమైనా ఇక్కడ పడాలి. పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లండి, అదే పరీక్ష మళ్లీ ఎందుకని అడగండి. గర్భం ఉందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి. కడుపులో బిడ్డను చూసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు వాడేది ధ్వని తరంగాలే, ఎక్స్‌రేలు కావు.